ఓడలున్నాయి, పైలట్లే లేరు

1942 మే నెలాఖరున పసిఫిక్ మహాసముద్రానికి అటొకటి, ఇటొకటిగా రెండు విమానవాహక నౌకలు రేవుల్లో ఉన్నాయి. ఆ నెల మొదట్లో ఆస్ట్రేలియాకు ఈశాన్యంగా ఉన్న కోరల్ సముద్రంలో ఒకదాని మీదికి ఒకటి విమానాలు పంపుకొని పోరాడి వచ్చినవే రెండూను. హవాయిలోని పెర్ల్ హార్బర్ చేరిన అమెరికా నౌక యార్క్‌టౌన్ డెక్కు తూట్లుపడి, లోపల బాంబు పేలి ఉంది. బాగుచెయ్యడానికి మూడు నెలలు పడుతుందని మొదటి అంచనా. సుమారు 1,400 మంది కార్మికులు రాత్రింబవళ్లు పనిచేసి మూడు రోజుల్లో దాన్ని మళ్లీ సముద్రంలోకి పంపారు. తరిగిపోయిన పైలట్ల స్థానంలో సారటోగా అనే మరో నౌక తాలూకు స్క్వాడ్రన్లను ఎక్కించారు. జపాన్‌లోని కురె రేవు చేరిన జుయికాకు సంగతి వేరు. దాని మీద ఒక్క బాంబూ పడలేదు. అయినా అది రేవులోనే ఉండిపోయింది, ఎందుకంటే దాని విమానదళం కోరల్ సముద్రంలో బాగా చితికిపోయింది. దాని జంట నౌక షోకాకు దెబ్బతిని వచ్చింది కదా, ఆ నౌక పైలట్లను దీని మీదికి మార్చి పంపుదామన్న ఆలోచన జపాన్ నౌకాదళం పద్ధతిలో లేదు. ఏ నౌక దళం ఆ నౌకదే. జూన్ 4న మిడ్వే దీవి దగ్గర యుద్ధం మొదలయ్యేసరికి, గాయపడ్డ నౌక హాజరైంది, చెక్కుచెదరని నౌక హాజరు కాలేదు.

రెండో ప్రపంచయుద్ధంలో పెద్ద ఫిరంగుల బ్యాటిల్‌షిప్ కాలం చెల్లి విమానవాహక నౌక కాలం వచ్చిందని అందరికీ తెలిసిందే. ఆ మార్పుకు దారి చూపిన జపానే ఎందుకు దాని చేతిలో చిత్తయిందో అంత స్పష్టంగా చెప్పుకోం. మిడ్వేలో దురదృష్టం అని కొందరు, అమెరికా ఫ్యాక్టరీల బలం అని కొందరు సరిపెడతారు. రెండింటిలోనూ నిజం ఉంది కానీ రెండూ సగం జవాబులే. విమానవాహక నౌక అసలు ఆయుధం దాని మీద నుంచి ఎగిరే శిక్షణ పొందిన మనిషి. ఆ ఆయుధం ప్రతి పోరాటంలోనూ ఖర్చవుతుంది, మళ్లీ తయారవడానికి ఏడాదికి పైగా పడుతుంది. దాన్ని మొదటి దెబ్బకు ఎలా వాడాలో అందరికంటే ముందు కనిపెట్టింది జపాన్. ఖర్చయిన దాన్ని ఎలా భర్తీ చేసుకోవాలో మాత్రం ఆలోచించి పెట్టుకోలేదు.

జపాన్ ఈ దారిలోకి రావడానికి వెనక ఒక ఒప్పందం, ఒక కొరత ఉన్నాయి. 1922 వాషింగ్టన్ ఒప్పందం బ్రిటన్, అమెరికా, జపాన్‌ల భారీ నౌకల బలాన్ని 5:5:3 నిష్పత్తికి కట్టిపడేసింది. బ్యాటిల్‌షిప్పులుగా, బ్యాటిల్‌క్రూయిజర్లుగా పూర్తికావలసిన ఓడలను ఆ ఒప్పందం ఆపేస్తే, జపాన్ కాగా, అకాగి అనే రెంటిని విమానవాహక నౌకలుగా మార్చుకుంది. అమెరికా కూడా లెక్సింగ్టన్, సారటోగాలను అలాగే మార్చింది. అప్పటికే బ్రిటిష్ నిపుణుల బృందం ఒకటి వచ్చి జపాన్ నౌకాదళ పైలట్లకు పాఠాలు చెప్పి ఉంది. 1922 డిసెంబరులో సేవలో చేరిన హోషో, మొదటి నుంచీ విమానవాహక నౌకగానే తలపెట్టి పూర్తిచేసిన వాటిలో ప్రపంచంలోనే మొదటిది. ఇక కొరత చమురుది. 1931లో మంచూరియాను ఆక్రమించి, 1937లో చైనాతో పూర్తిస్థాయి యుద్ధానికి దిగిన జపాన్, ఆ యుద్ధాన్ని నడిపే చమురులో దాదాపు 80 శాతం అమెరికా నుంచే కొనేది. 1941 జులైలో జపాన్ సేనలు దక్షిణ ఇండోచైనాలో దిగగానే అమెరికా ఆ సరఫరా ఆపేసింది. దొరికే చమురు డచ్చివారి ఏలుబడిలోని సుమత్రా, బోర్నియోల్లో ఉంది. దాన్ని లాక్కునే ఆరు నెలల పాటు అమెరికా నౌకాదళం అడ్డురాకుండా చెయ్యాలి. అందుకు కావలసింది దూరాన్నుంచి, ఒకేసారి, గట్టిగా కొట్టే సాధనం.

ఆ సాధనం ఎంత కొత్తదో చిన్న లెక్క చెబుతుంది. ప్రపంచంలోకెల్లా పెద్ద ఫిరంగులున్న యమాటో కాగితం మీద 42 కిలోమీటర్ల దూరం కాల్చగలదు. అసలు యుద్ధాల్లో కదిలే ఓడకు 25 కిలోమీటర్లు దాటి గుండు తగిలిన సందర్భం దాదాపు లేదు. నౌక మీద నుంచి లేచిన విమానం 300, 400 కిలోమీటర్లు వెళ్లి కొట్టి రాగలదు. దూరం పదింతలైతే అదుపులోకి వచ్చే సముద్రం వందింతలవుతుంది. అయితే ఒక్కో నౌక మీద ఉండేవి 60, 70 విమానాలే, అందులో దాడికి వెళ్లేవి ఇంకా తక్కువ. 1940 నవంబరులో బ్రిటన్ ఒకే నౌక నుంచి 21 పాతకాలపు రెండు రెక్కల విమానాలతో ఇటలీలోని టరాంటో రేవులో మూడు బ్యాటిల్‌షిప్పులను దెబ్బతీసింది. అది మెరుపుదాడి. జపాన్ వేసిన అడుగు వేరు. 1941 ఏప్రిల్‌లో విమానవాహక నౌకలన్నిటినీ ఒకే అధికారి కిందికి తెచ్చి, వేర్వేరు డెక్కుల నుంచి లేచిన విమానాలు ఒకే గుంపుగా ఎగిరేలా సాధన చేయించింది. డిసెంబరు 7న ఆరు నౌకల నుంచి దాదాపు 350 విమానాలు రెండు విడతలుగా పెర్ల్ హార్బర్ మీద పడ్డాయి. పన్నెండు మీటర్ల లోతు కూడా సరిగా లేని రేవులో మామూలు టార్పెడో బురదలో దిగబడుతుంది. దాని తోకకు చెక్క రెక్కలు తగిలించి, నీళ్లలో మరీ లోతుకు పోకుండా చేశారు. ఆ రోజు జపాన్ పోగొట్టుకున్నది 29 విమానాలు. మూడు రోజుల తర్వాత మలయా తీరాన బ్రిటిష్ బ్యాటిల్‌షిప్ ప్రిన్స్ ఆఫ్ వేల్స్, బ్యాటిల్‌క్రూయిజర్ రిపల్స్‌లను ముంచినవి ఇండోచైనా నేల మీద నుంచి లేచిన బాంబర్లే అయినా, ఎగిరింది మాత్రం నౌకాదళ పైలట్లే.

తర్వాతి నాలుగు నెలల్లో ఆ నౌకలు తిరిగిన దూరం చూస్తే ఆశ్చర్యమేస్తుంది. హవాయి నుంచి ఆస్ట్రేలియాలోని డార్విన్, అక్కడి నుంచి జావా దక్షిణ జలాలు, 1942 ఏప్రిల్ 5న కొలంబో, 9న ట్రింకోమలీ. ఏప్రిల్ 6న ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక విమానాలు మన విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ నౌకతో వచ్చిన దళం బంగాళాఖాతంలో కొద్దిరోజుల్లోనే 20కి పైగా వర్తక ఓడలను ముంచింది. తెలుగు తీరానికి పసిఫిక్ యుద్ధం అంత దగ్గరగా రావడమే విమానవాహక నౌక తెచ్చిన మార్పు. అయితే ఇన్ని చోట్ల కొట్టి వచ్చింది దాదాపు అదే పైలట్ల బృందం. గెలిచిన ప్రతి చోటా కొందరు తగ్గుతూ వచ్చారు. ఆ లెక్క అప్పటికి ఎవరినీ భయపెట్టలేదు.

మిడ్వేలో ఏం జరిగిందో కాస్త దగ్గరగా చూడాలి. జపాన్ నౌకల్లో విమానాలకు ఇంధనం నింపడం, టార్పెడోలు బిగించడం ఎక్కువగా డెక్కు కింద, చుట్టూ మూసి ఉన్న హ్యాంగర్‌లో జరిగేది. ఆ ఉదయం జపాన్ నౌకల సేనాపతి అడ్మిరల్ నగుమో ముందు ఓడల కోసం సిద్ధంగా ఉంచిన విమానాలకు టార్పెడోలు తీసి, దీవి మీద వెయ్యడానికి బాంబులు బిగించమన్నాడు. అమెరికన్ ఓడలు కనబడ్డాయని కబురు రాగానే మళ్లీ టార్పెడోలు బిగించమన్నాడు. తీసిన బాంబులను అడుగున ఉన్న గదులకు దించే తీరిక లేక హ్యాంగర్‌లోనే పక్కన పెట్టారు. అమెరికన్ నౌకల నుంచి వచ్చిన 41 టార్పెడో విమానాల్లో చాలావరకు కూలిపోయాయి, ఒక్క టార్పెడో కూడా తగల్లేదు. కానీ వాటిని తప్పించుకుంటూ, తరుముతూ ఉన్న జపాన్ నౌకలకు పైనుంచి వస్తున్న డైవ్ బాంబర్లు ఆఖరి క్షణం దాకా కనబడలేదు. ఉదయం పదిన్నర లోపే అకాగి, కాగా, సోర్యూ మండిపోయాయి, సాయంత్రం హిర్యూ. అకాగికి నేరుగా తగిలింది ఒకే ఒక్క బాంబు. లోపల నిండుగా ఉన్న ఇంధనం, పేలుడు పదార్థం మిగతా పని చేశాయి. అదే రోజు యార్క్‌టౌన్ మీద బాంబులు పడబోతుండగా, దాని సిబ్బంది ఇంధనం గొట్టాలను ఖాళీచేసి వాటి నిండా కార్బన్ డయాక్సైడ్ నింపారు.

అయితే ఇక్కడే కథ ముగిసిందని, ఆరితేరిన పైలట్లంతా మిడ్వేలోనే పోయారని తరచూ వినిపించే మాట ఒకటుంది. అంకెలు దాన్ని ఒప్పుకోవు. ఆ యుద్ధంలో చనిపోయిన సుమారు 3,000 మంది జపనీయుల్లో విమాన సిబ్బంది 110 మంది దాకా మాత్రమే. మిగతా వారిలో ఎక్కువమంది ఓడల సిబ్బంది, హ్యాంగర్ మెకానిక్‌లు. వారి నష్టమూ చిన్నది కాదు. కానీ పైలట్లలో అత్యధికులు బతికే ఉన్నారు. వాళ్లను హరించింది ఆ తర్వాతి ఏడాదిన్నర. 1942 అక్టోబరు 26న శాంటా క్రూజ్ దీవుల దగ్గర జపాన్ అమెరికా నౌక హార్నెట్‌ను ముంచి గెలిచింది. ఆ గెలుపులో పోయిన విమాన సిబ్బంది 148 మంది, అంటే మిడ్వే ఓటమిలో కన్నా ఎక్కువ. అవతల రబౌల్‌లోని జపాన్ స్థావరం నుంచి, అమెరికన్లతో పోరు సాగుతున్న గ్వాడల్‌కెనాల్ దీవికి దాదాపు వెయ్యి కిలోమీటర్లు ఎగిరి, పోరాడి, మళ్లీ అంత దూరం తిరిగి రావలసిన రోజులు నెలల తరబడి సాగాయి. దెబ్బతిన్న విమానం దారిలోనే సముద్రంలో పడేది. 1943లో నౌకల మీది పైలట్లను కూడా దించి రబౌల్ నుంచి ఎగిరించడంతో మిగిలిన వారూ అక్కడే కరిగిపోయారు.

ఖాళీలు ఎందుకు నిండలేదు? యుద్ధానికి ముందు జపాన్ నౌకాదళం పైలట్లను ఏరే తీరు భయంకరమైన కఠినత్వంతో ఉండేది. 1937లో తన బృందానికి 1,500 మంది దరఖాస్తు పెడితే 70 మందిని తీసుకున్నారని, వారిలో శిక్షణ పూర్తిచేసింది 25 మందేనని యుద్ధవిమాన పైలట్ సబురో సకాయ్ రాసుకున్నాడు. అలా తేలినవాళ్లు ప్రపంచంలో ఎవరికీ తీసిపోరు. కానీ వాళ్లను చచ్చేదాకా యుద్ధభూమిలోనే ఉంచారు. విత్తనాలకు దాచిన వడ్లు వండుకు తిన్నట్టు, తర్వాతి తరానికి పాఠం చెప్పవలసిన వాళ్లంతా ముందు వరసలో ఖర్చయిపోయారు. అమెరికా అనుభవం గడించిన పైలట్లను వెనక్కి పిలిచి బడుల్లో పెట్టింది. మిషిగన్ సరస్సులో బొగ్గుతో, పక్క చక్రాలతో నడిచే రెండు పాత విహార స్టీమర్లకు పైన డెక్కు కట్టి, వూల్వరీన్, సేబుల్ అని పేర్లు పెట్టింది. వాటికి హ్యాంగర్ లేదు, ఫిరంగుల్లేవు, శత్రువు వచ్చే దారీ లేదు. యుద్ధం ముగిసేలోగా కదిలే డెక్కు మీద దిగడం ఆ మంచినీటి సరస్సులో నేర్చుకున్న పైలట్లు సుమారు 17,000 మంది. ఏ నౌకాయుద్ధ చరిత్రలోనూ పెద్దగా కనిపించని ఈ రెండు ఓడలు నా దృష్టిలో ఎన్నో పెద్ద నౌకల కన్నా ముఖ్యమైనవి.

ఇదంతా చివరికి అమెరికా సంపదేగా, జపాన్ ఎన్ని బడులు పెట్టినా ఓడిపోయేదేగా అని అడగవచ్చు. యుద్ధం చివరికి ఎటు తిరిగేదో చెప్పడానికి ఆ జవాబు చాలు. అమెరికా ఎసెక్స్ తరగతి విమానవాహక నౌకలు 1943 నుంచి ఒకదాని వెంట ఒకటి వచ్చి పడ్డాయి, వాటికి పోటీ కట్టే స్తోమత జపాన్‌కు లేదు. కానీ ఓడిన తీరును ఆ జవాబు వివరించదు. 1944 జూన్‌లో మరియానా దీవుల దగ్గరి ఫిలిప్పీన్ సముద్రంలో జపాన్ తొమ్మిది విమానవాహక నౌకలతో, సుమారు 430 విమానాలతో వచ్చింది. ఓడల్లోనూ విమానాల్లోనూ అది పెర్ల్ హార్బర్ నాటి బలగం కన్నా పెద్దది. ఫ్యాక్టరీలు తమ వంతు పని చేశాయి. లేనిది పైలట్లు: కొందరికి ఆరు నెలల శిక్షణ, కొందరికి రెండు నెలలు. ఎదుట ఉన్నవారు రెండేళ్ల దాకా శిక్షణ పొంది, 300 గంటలకు పైగా ఎగిరినవారు, వారికి దారి చూపడానికి రాడార్ ఉంది. జూన్ 19 ఒక్క రోజులో జపాన్ 300 దాకా విమానాలు పోగొట్టుకుంటే అమెరికా సుమారు 30 పోగొట్టుకుంది. అసలు దెబ్బకొట్టింది జలాంతర్గాములు కదా అన్న వాదన కూడా నా మాటను బలపరుస్తుందనే అనుకుంటాను. అవి చమురు ఓడలను ముంచడంతో శిక్షణకు ఇంధనం కరువైంది. ఆ యుద్ధానికి ముందు బోర్నియో దగ్గర తవి-తవిలో లంగరేసిన జపాన్ నౌకలు జలాంతర్గాముల భయంతో బయటికి రాలేక, కొత్త పైలట్లకు డెక్కు మీద సాధనే లేకుండా పోయింది.

అదే ఏడాది అక్టోబరులో లేతె సింధుశాఖ దగ్గర జపాన్ నాలుగు విమానవాహక నౌకలను ఎరగా పంపింది. పెర్ల్ హార్బర్ మీద దాడిచేసిన ఆరింటిలో చివరికి మిగిలిన జుయికాకు వాటిలో ఒకటి. నాలుగింటి మీదా కలిపి వంద పైచిలుకు విమానాలే ఉన్నాయి, నాలుగూ మునిగిపోయాయి. ఆత్మాహుతి దళాలు మొదలైంది కూడా ఆ యుద్ధంలోనే. దాన్ని సమురాయి సంప్రదాయంతో ముడిపెట్టి వివరించడం అలవాటు. సంప్రదాయం యువకులను ఒప్పించడానికి పనికొచ్చి ఉంటుంది. సేనాపతులను అటు నెట్టింది శిక్షణ లెక్క. ఊగుతున్న డెక్కు మీద తిరిగి దిగడం నౌకాదళ పైలట్ నేర్చుకోవలసిన వాటిలో అత్యంత కష్టమైనది, ఎక్కువ కాలం తీసుకునేది. తిరిగి రానక్కరలేని పైలట్‌కు ఆ పాఠమే అక్కరలేదు.

జపాన్ సేనాపతులు మూర్ఖులేమీ కాదు. యుద్ధం ఏడాదిలో తేలిపోతుందనుకుంటే, కొద్దిమంది అసాధారణ పైలట్లను తయారుచేసి మొదటి దెబ్బకు వాడటం తెలివైన పనే. తప్పు ఆ ఊహలో ఉంది. తలపడిన దేశం ఒక్క దెబ్బకు రాజీకి వస్తుందనుకున్నారు, రాలేదు. ఆ తర్వాత పద్ధతి మార్చుకునే సమయానికి నేర్పేవాళ్లు లేరు, ఇంధనం లేదు. ఈనాటికీ దేశాల నౌకాబలం గురించి మాట్లాడేటప్పుడు ఎన్ని విమానవాహక నౌకలున్నాయన్నదే మొదట లెక్కిస్తారు. నౌక లెక్క సులువు, పత్రికల్లో బొమ్మా బాగుంటుంది. దాని మీది పైలట్లలో సగం మంది మొదటి నెలలోనే పోతే వారి స్థానంలో ఎవరు, ఎన్నాళ్లకు వస్తారన్నది అడగవలసిన రెండో ప్రశ్న. పసిఫిక్ యుద్ధం చెప్పినంతవరకు, గెలుపోటములను తేల్చింది ఆ రెండో ప్రశ్నే.