‘బాగుంది’ అంటే సరిపోదు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా వ్యాసం రాసిమ్మని వార్డెన్ గారు అడిగినప్పుడు ముందుగా మాకు తోచినవన్నీ పాత విషయాలే. విద్య ప్రాముఖ్యత, క్రమశిక్షణ, కాలం విలువ. వీటిని మేము ఈ హాస్టల్లో ఉన్న రోజుల్లోనే ప్రతి సంచికలోనూ చదివాం. అందుకని ఈసారి చెప్పడం మాని, అడుగుదామనుకున్నాం. ఇక్కడే చదువుకొని ఇప్పుడు పీజీ చేస్తున్న మేము ముగ్గురం రెండు ఆదివారాలు వచ్చాం. ఎనిమిది, తొమ్మిది, పదో తరగతుల తమ్ముళ్ళతోనూ, పక్క వీధిలోని బాలికల హాస్టల్ చెల్లెళ్ళతోనూ కూర్చున్నాం. వారిని అడిగింది ఒక్కటే ప్రశ్న. “నీ స్నేహితులకు ఒక పుస్తకం, ఒక పాట చెప్పాలంటే ఏవి చెబుతావు? ఎందుకు?”

మొదటి ఆదివారం పేర్లు చాలానే వచ్చాయి. ‘ఎందుకు’ అన్న దగ్గర మాత్రం అందరూ ఆగిపోయారు. “బాగుందన్నా” అన్నారు కొందరు. “సూపరన్నా” అన్నారు మరికొందరు. ఇంకొంచెం గట్టిగా అడిగితే తల గోక్కున్నారు.

మేము నవ్వలేదు. ఎందుకంటే ఆ స్థితి మాకు బాగా తెలుసు. డిగ్రీ మొదటి సంవత్సరంలో ఒక లెక్చరర్ మమ్మల్ని లేపి, పాఠ్యపుస్తకాలు కాక మీరు చదివిన పుస్తకం ఒకటి చెప్పండి అన్నారు. మాకు గైడ్లు, టెస్ట్ పేపర్లు తప్ప ఏవీ గుర్తుకు రాలేదు. క్లాసంతా మావైపు చూస్తుంటే నిలబడే ఉన్నాం. తెలివి తక్కువై కాదు. అప్పటివరకు ‘ఇది చదువు’ అని ఒక పుస్తకం తెచ్చి మా చేతిలో పెట్టినవాళ్ళు లేరు. ‘నువ్వేమనుకుంటున్నావు’ అని అడిగినవాళ్ళు అసలే లేరు. ఈ వ్యాసం రాయడానికి అదే కారణం.

కారణం చెబితేనే మాట నిలుస్తుంది

రెండో ఆదివారానికి పిల్లలు ఆలోచించుకొని వచ్చారు. తొమ్మిదో తరగతి తమ్ముడొకడు ‘ఏడు తరాలు’ చెప్పాడు. అలెక్స్ హేలీ అనే అమెరికా నల్లజాతి రచయిత 1976లో ‘రూట్స్’ పేరుతో రాసిన పుస్తకమిది. సహవాసి తెలుగు చేయగా హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. ఆఫ్రికాలోని గాంబియాలో పుట్టిన కుంటా కింటే అనే కుర్రవాణ్ణి పట్టుకొని, ఓడలో అమెరికాకు తీసుకుపోయి బానిసగా అమ్ముతారు. అక్కడి నుంచి అతని వంశం కథ సాగుతుంది. మా తమ్ముడు ఈ కథంతా చెప్పలేదు. “అతనికి టోబీ అని పేరు పెడతారన్నా. అతను మాత్రం లోపల కుంటాగానే ఉంటాడు. మా తాత పేరు వేరు, ఊళ్ళో ఆయన్ని పిలిచే పిలుపు వేరు. అందుకే నచ్చింది” అన్నాడు. ఆ గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పది పేజీల సమీక్ష చేయలేని పని ఆ మూడు మాటలు చేశాయి. ఆ సాయంత్రమే ఆ పుస్తకం కోసం ఇద్దరు పోటీపడ్డారు.

ఇక్కడ ఒక మాట చెప్పడం అవసరం. హేలీ చెప్పిన వంశవృక్షంలోని వివరాలను తరువాతి కాలంలో చరిత్రకారులు ప్రశ్నించారు. కాబట్టి దాన్ని నవలగా చదవాలి. నచ్చిన పుస్తకంలోని ప్రతి వివరమూ నిజమని నమ్మనక్కరలేదు.

పదో తరగతి తమ్ముడు అంబేడ్కర్ రాసిన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ చెప్పాడు. అంటరానితనం వల్ల తానూ, తనవాళ్ళూ పడిన బాధలను బాబాసాహెబ్ 1935-36 ప్రాంతంలో రాసుకున్న చిన్న రచన ఇది. అందులో మొదటిది 1901 నాటి ప్రయాణం. పిల్లలు తండ్రి దగ్గరికి కోరేగావ్ బయలుదేరి మసూర్ స్టేషన్లో దిగుతారు. వాళ్ళ కులం తెలియగానే బండివాళ్ళెవరూ ఎక్కించుకోరు. చివరికి రెట్టింపు బాడుగ ఇచ్చి, బండి తామే తోలుకునేట్టు ఒప్పుకొని బయలుదేరతారు. దగ్గర అన్నం ఉన్నా తాగడానికి నీళ్ళు దొరకవు. “మనం ఆయన్ని కోటు వేసుకున్న పెద్దాయనగానే చూశాం. ఇందులో ఆయన మనకంటే చిన్నపిల్లాడు. పైగా ఒక స్టడీ అవర్‌లో అయిపోతుంది” అన్నాడు ఆ తమ్ముడు. పెద్ద పుస్తకమంటే భయపడేవారికి ఆ చివరి వాక్యం చాలా ముఖ్యం.

కష్టమైన చోటు దాచకూడదు

మనం ఒక పుస్తకాన్ని మెచ్చుకునేటప్పుడు దాని లోపం చెబితే తప్పు అనుకుంటాం. నిజానికి లోపం కూడా చెప్పినవాడి మాటనే అవతలివాడు నమ్ముతాడు. అబ్దుల్ కలాం ఆత్మకథ ‘వింగ్స్ ఆఫ్ ఫైర్’ 1999లో వచ్చింది. తెలుగులో ‘ఒక విజేత ఆత్మకథ’గా దొరుకుతుంది. దాని గురించి ఒక తమ్ముడు చెప్పిన తీరు మాకెంతో నచ్చింది. “మొదట్లో రామేశ్వరం, రైల్లోంచి పడేసే పేపరు కట్టలు ఏరుకోవడం చాలా బాగుంటుంది. మధ్యలో రాకెట్ల పేర్లు వస్తాయి. అక్కడ నేను రెండుసార్లు నిద్రపోయాను. ఫిజిక్స్ ఇష్టమున్నవాడైతే నిద్రపోడు.” అందరం నవ్వాం. నిజం చెప్పాలంటే అక్కడ మేమూ కొన్ని పేజీలు తిప్పేసినవాళ్ళమే.

అలాగే ఒక చెల్లెలు జాషువా ‘గబ్బిలం’ చెప్పింది. 1941లో వచ్చిన కావ్యమిది. పూర్వం కాళిదాసు కావ్యంలో యక్షుడు మేఘంతో తన ప్రియురాలికి కబురు పంపాడు. జాషువా కావ్యంలో గుడిలోకి అడుగుపెట్టనివ్వని ఒక అస్పృశ్యుడు తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. గబ్బిలమే ఎందుకు? మనిషి వెళ్ళలేని గర్భగుడిలోకి అది స్వేచ్ఛగా వెళ్ళి వేలాడగలదు కనుక. “ఒక్కదాన్నే చదివితే పద్యాలు అర్థం కాలేదు. తెలుగు మేడం పైకి చదివి చెబితే ఏడుపొచ్చింది. కాబట్టి దీన్ని ఒంటరిగా మొదలుపెట్టొద్దు” అని ఆ చెల్లెలి సలహా. ఎలా చదవాలో చెప్పడం కూడా పుస్తకం గురించి చెప్పడంలో భాగమే.

పాటలో మాట వేరు, బాణీ వేరు

పాటల దగ్గరికి వచ్చేసరికి గది వేడెక్కింది. ఒక కొత్త సినిమా పాటకు తమ్ముళ్ళందరూ ఓటేశారు. అప్పుడు ఒక చెల్లెలు లేచి, “బాణీ వింటే మా కాళ్ళూ ఆగవు. కానీ ఆడపిల్ల వెంటపడి ఏడిపించడం సరదా అన్నట్టు మాటలున్నాయి. బస్టాండులో మాకది సరదాగా ఉండదు” అంది. ఎవరూ ఎదురు చెప్పలేదు. కాసేపటికి ఒకడు, “నేనసలు ఇన్నాళ్ళూ మాటలు వినలేదు” అని ఒప్పుకున్నాడు. పాట మీద అభిప్రాయం చెప్పేటప్పుడు బాణీనీ, మాటలనూ విడదీసి చూడాలని ఆ రోజు ఆ చెల్లెలే మా అందరికీ నేర్పింది.

పదో తరగతి తమ్ముడొకడు ‘కుబుసం’ (2002) సినిమాలో గోరటి వెంకన్న రాసిన పల్లె పాట చెప్పాడు. ఊళ్ళో కులవృత్తులు ఒక్కొక్కటిగా ఎలా మూతపడ్డాయో ఆ పాట వరసగా చూపిస్తుంది. ఆ కవికే 2021 సంవత్సరానికి ‘వల్లంకి తాళం’ పుస్తకం మీద కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. “మా నాన్న చెప్పులు కుట్టేవాడు. ఇప్పుడు అడ్డా మీద నిలబడి కూలికి పోతున్నాడు. ఆయనకు పని చేతకాక మానేశాడనుకున్నా. ఈ పాట విన్నాక తప్పు ఆయనది కాదని తెలిసింది” అన్నాడు ఆ తమ్ముడు. ఒక పాట కొడుకు దృష్టిలో తండ్రిని మళ్ళీ నిలబెట్టింది.

ఎక్కువమంది చెప్పిన పాట ‘నా ఆటోగ్రాఫ్’ (2004) సినిమాలోది. ఓటమికి కుంగిపోవద్దని చెప్పే ఆ పాట రాసింది చంద్రబోస్, స్వరపరచింది కీరవాణి, పాడింది చిత్ర. ‘ఆర్ఆర్ఆర్’ పాటకు 2023లో ఆస్కార్ అందుకున్నది కూడా ఈ చంద్రబోస్, కీరవాణిలే అని మేము చెబితే చాలామంది ఆశ్చర్యపోయారు. అందుకే మేము చెప్పేదేమిటంటే, పాట నచ్చితే రాసినవారి పేరు చూడండి. పుస్తకం నచ్చితే అదే రచయిత రాసిన మరో పుస్తకం వెతకండి. ఒక ఇష్టం ఇంకో ఇష్టానికి దారి చూపుతుంది.

సిఫారసు

సిఫారసు అనగానే మనకు గుర్తొచ్చేది ఉద్యోగం కోసం పెద్దవాళ్ళు ఇచ్చే ఉత్తరం. మన ఇళ్ళలో అలాంటి ఉత్తరం రాసిచ్చేవాళ్ళు లేరు. పుస్తకాల విషయంలోనూ అంతే. కొందరి ఇళ్ళలో బీరువా నిండా పుస్తకాలుంటాయి. ‘నీ వయసులో నేనిది చదివాను’ అని చెప్పే తల్లిదండ్రులుంటారు. మన అమ్మానాన్నలు మనల్ని చదివించడానికే రెక్కలు ముక్కలు చేసుకుంటున్నారు. ఏ పుస్తకం చదవాలో వారిని అడగలేం. ఆ పని మనకు చేయాల్సింది పక్కన ట్రంకు పెట్టె పెట్టుకున్నవాడే. మాకు ‘ఏడు తరాలు’ ఇచ్చింది కూడా రూమ్మేటే. మా ఊరివాళ్ళు గుర్తొచ్చిన చోట పేజీ మడిచి మరీ ఇచ్చాడు.

పెద్దలు ఇచ్చే జాబితాలు వద్దని మేము అనడం లేదు. కానీ జాబితాకు మన ముఖం తెలియదు. స్నేహితుడికి తెలుసు. ఇల్లు గుర్తొచ్చి రాత్రిళ్ళు ఏడ్చే ఐదో తరగతి పిల్లవాడికి, పరీక్ష తప్పి ముభావంగా ఉన్న ఇంటర్ కుర్రవాడికి ఒకే పుస్తకం పనికిరాదు. గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో రెండు ఈ సంగతికి సంబంధించినవే. పాఠకుడికి తగిన పుస్తకం దొరకాలి, పుస్తకానికి తగిన పాఠకుడు దొరకాలి అని వాటి సారాంశం.

పుస్తకాలు ఎక్కడివి?

“చెప్పడం బాగానే ఉందన్నా, పుస్తకాలేవీ?” అని ఒకడు సూటిగా అడిగాడు. మంచి ప్రశ్నే. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో ప్రతి రూపాయికీ ఎనిమిది పైసలు గ్రంథాలయ సుంకంగా వసూలవుతుంది. మీ నాన్న పంచాయతీకి కట్టే పన్నులోనూ ఆ భాగం ఉంది. కాబట్టి జిల్లా కేంద్ర గ్రంథాలయమైనా, శాఖా గ్రంథాలయమైనా మనది. అక్కడికి మొహమాటం లేకుండా వెళ్ళండి. కావలసిన పుస్తకం లేకపోతే తెప్పించమని అడగండి. హాస్టల్‌కు పాత విద్యార్థులు వస్తే స్వీట్ ప్యాకెట్‌కు బదులు ఒక పుస్తకం తెమ్మనండి. మాతో సహా!

ఒక నోటుబుక్కు

రెండో ఆదివారం వెళ్ళేముందు మేము ఒక లాంగ్ నోటుబుక్కు కొని, దారం కట్టి స్టడీ హాలు కిటికీకి వేలాడదీశాం. అందులో నాలుగు గళ్ళు గీశాం. పేరేమిటి, నాకెందుకు నచ్చింది లేదా నచ్చలేదు, ఎక్కడ కష్టమనిపించింది, ఎవరికి చెబుతాను. ఎవరి అభిప్రాయాన్నీ ఎవరూ కొట్టివేయకూడదన్నది ఒక్కటే నిబంధన. తప్పులు రాస్తామేమోనని భయపడవద్దు. అది పరీక్ష పేపరు కాదు.

ఒక చెల్లెలు చెప్పిన ‘రైలుబడి’లో ఒక సంగతి ఉంది. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనగి తన చిన్ననాటి బడి గురించి రాసి 1981లో ప్రచురించిన పుస్తకమిది. రైలుపెట్టెలే అక్కడ తరగతి గదులు. ఇంకో బడిలోంచి పంపేయగా వచ్చిన తొత్తోచాన్‌ను ఆ హెడ్మాస్టరు మొదటి రోజున ఎదురుగా కూర్చోబెట్టుకొని, ఆ పిల్ల చెప్పే కబుర్లు నాలుగు గంటలు వింటాడు. ముగింపు మాత్రం ఎవరికీ చెప్పొద్దని చెల్లెలు మాట తీసుకుంది కాబట్టి చెప్పం. అయితే ఆ నాలుగు గంటల సంగతి మరచిపోలేం. వినేవాళ్ళుంటే పిల్లలకు చెప్పడానికి చాలా ఉంటుంది. ఆ వినే పని మీరు ఒకరికొకరు చేయవచ్చు.

ఈ వ్యాసం ఇవ్వడానికి వచ్చినప్పుడు నోటుబుక్కు తీసి చూశాం. మొదటి ఆదివారం ‘బాగుందన్నా’ తప్ప మరో మాట అనని ఎనిమిదో తరగతి తమ్ముడు ఒక కథల పుస్తకం గురించి ఇలా రాశాడు: “నాకు నచ్చలేదు. ఇందులో అన్నీ దయ్యాలే. కానీ మా బెంచీలో చివర కూర్చునేవాడికి నచ్చుతుంది. వాడికి ఇస్తాను.”

అభిప్రాయం అంటే అదే. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మిగతా పేజీలు మీవి.