చంద్రుడి మీద వినిపించని ‘ఎ’

1969 జులై 20న చంద్రుడి మీద కాలు మోపుతూ నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక మాటన్నారు. మనిషిగా తాను వేసేది చిన్న అడుగే, మానవజాతికి మాత్రం అది పెద్ద గెంతు అని ఆయన భావం. అయితే భూమ్మీద జనానికి వినపడింది ‘ఫర్ మ్యాన్’ అని. ‘ఫర్ ఎ మ్యాన్’ అంటే ఒక మనిషికి. ‘ఎ’ లేకపోతే ఆ ‘మ్యాన్’ మనుషులందరూ అవుతారు, మాటలోని పోలికే చెదిరిపోతుంది. తాను ‘ఎ’ అనే అనబోయానని ఆర్మ్‌స్ట్రాంగ్ చెప్పేవారు. 2006లో ఆస్ట్రేలియాకు చెందిన పీటర్ షాన్ ఫోర్డ్ ఆ రికార్డును కంప్యూటర్‌తో పరిశీలించి, ‘ఎ’ ఉందన్నారు. వాదన మాత్రం తెగలేదు.

లెక్కపెట్టగలిగిన వస్తువు ఒక్కటే ఉంటే, మామూలుగా ఇంగ్లిష్ ఆ పేరును ఒంటరిగా వదలదు. ముందు ‘ఎ’, ‘ది’, ‘మై’, ‘దిస్’ లాంటిది ఏదో ఒకటి ఉండాలి. తెలుగుకు ఆ పట్టింపు లేదు. ‘ఆమె టీచరు’ అంటే చాలు, వాక్యం నిండుగా ఉంటుంది. మన పిల్లలు ‘షీ ఈజ్ టీచర్’ అని రాసేది అందుకే తప్ప అశ్రద్ధతో కాదు. ఎర్రసిరా గీత గీసే ముందు ఈ సంగతి వాళ్లకు చెప్పాలి. కొత్త మనిషిని కథలోకి తెచ్చేటప్పుడు మనమూ ‘అనగనగా ఒక రాజు’ అంటాం కదా, అక్కణ్నుంచి మొదలుపెడితే పిల్లలకు సులువుగా ఎక్కుతుంది.

ఇక ‘ఎ’ అనాలా, ‘యాన్’ అనాలా? చరిత్రలో ముందున్నది ‘యాన్’. ‘ఒకటి’ అనే అర్థమున్న పాత ఇంగ్లిష్ మాట నుంచి వచ్చింది. తర్వాత హల్లుల ముందు దాని చివరి ‘న్’ జారిపోయి ‘ఎ’ మిగిలింది. కాబట్టి చూడాల్సింది స్పెల్లింగు కాదు, పలుకు. ఇందులో తెలుగువాళ్లకు మంచి వెసులుబాటు ఉంది. దాని వెంటనే వచ్చే ఇంగ్లిష్ మాటను సరైన ఉచ్చారణతో తెలుగులో రాసి, మొదటి అక్షరం చూడండి. అవర్, ఎమ్మెల్యే, అంబ్రెల్లా అచ్చుతో మొదలవుతాయి, వాటికి ‘యాన్’. యూనివర్సిటీ, యూరో, వన్‌వే టికెట్ హల్లుతో మొదలవుతాయి, వాటికి ‘ఎ’. కోడిగుడ్డును మాత్రం ‘యెగ్’ అనకుండా ‘ఎగ్’ అని రాసుకోవాలి.

అసలు చిక్కు లెక్కలో ఉంది. ‘ఐ ఏట్ చికెన్’ అంటే కోడికూర తిన్నట్టు, ‘ఐ ఏట్ ఎ చికెన్’ అంటే కోడిని మొత్తంగా తినేసినట్టు! మనం ఒక సలహా, రెండు సలహాలు అని ఎంచక్కా లెక్కపెడతాం. ఇంగ్లిష్‌లో ‘అడ్వైస్’కు ఆ లెక్క లేదు, ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’ అనాలి. ఫర్నిచర్, లగేజ్, ఇన్ఫర్మేషన్‌లదీ అదే దారి.