కమీషనుపై చీరలమ్మ చేరినవారు నిలుచుట గూర్చి

గూటి పంట పెట్టిన ఇంటికి క్రొత్తగా వచ్చిన కోడలు, తట్టలలో పురుగులు మేత మాని తల పైకెత్తి కదలక పడియుండుట చూచి, "అయ్యో అత్తా, పురుగంతా చచ్చిపోయింది" అని కేక వేయును. అత్త వచ్చి చూచి, "చావలేదే, జ్వరానికి పండుకొనింది. ఇప్పుడు ఆకు వేయొద్దు, లేచినాక వేద్దాం" అనును. జంగమకోటె, శిడ్లఘట్ట ప్రాంతమువారికి ఇది ప్రతి పంటలోను నాలుగు మారులు జరుగు సంగతియే. పట్టు పురుగు నాలుగు జ్వరములు దాటినగాని గూడు కట్టదు. పండుకొన్న పురుగును కదిలించినను చేటే, రోగముతో పడిన పురుగును జ్వరమనుకొని వదలినను చేటే.

సంఘము తరఫున చీరలమ్మ చేరిన మన పిల్లల విషయములో మేము ఈ రెండు తప్పులును చేసితిమి. కనుకనే ఈ వ్యాసము.

పని ఏమో పాఠకులకు తెలిసినదే. నేసిన చీర బొమ్మను ఫోనులో తెలిసినవారికి పంపవలెను, కొన్నచో సంఘము చీరను పంపును, అమ్మించినవారికి కమీషను చేరును. సరుకు కొనిపెట్టుకొను భారము లేదు, అంగడి అద్దె లేదు. ఇంగ్లీషులో దీనికి ‘అఫిలియేట్ మార్కెటింగ్’ అని పెద్ద పేరు. 1996లో అమెరికాలో అమెజాన్ వారు తమవద్దకు కొనుగోలుదారును పంపిన ప్రతివానికి కమీషనిచ్చు ఏర్పాటు చేసిన పిమ్మట ఈ పద్ధతి లోకమంతట వ్యాపించినది. అంతకు నూరేండ్లు ముందే, 1886లో, న్యూయార్కులో డేవిడ్ మెకానెల్ అను పుస్తకముల వర్తకుడు స్త్రీలచేత ఇల్లిల్లు తిరిగి అత్తరులు అమ్మించెను. నేటి ఎవాన్ కంపెనీకి మూలమదే. మన తాతలు మూట భుజాన వేసికొని ఊరూరు తిరిగి అమ్మినదియు దీనికి దూరపు చుట్టమే.

చేరుటకు ఎవరును వెనుదీయరు. చేరి మూడు వారములు గడచిన తరువాతనే చిక్కు. మొదటి వారము రోజుకు పది బొమ్మలు పంపిన పిల్ల రెండవ వారము రెండు పంపును, మూడవ వారము ఫోనెత్తదు. మేము మొదట "ఈ కాలపు పిల్లలకు ఓపిక లేదు" అనుకొని ఊరకుంటిమి. తరువాత ఇండ్లకు పోయి అడిగితిమి. ఓపిక సంగతి ఎవరింటను తేలలేదు.

ఒక ఇంటిలో విన్నది చెప్పెదము. ఆ అమ్మాయి తండ్రి మగ్గము నేయును. ఆమె చేరిన ఆరవనాడే తన స్నేహితురాలి తల్లికి ఒక చీర అమ్మించినది. కొన్న ఆమె డబ్బు ఆనాడే పంపినది. మా లెక్క వ్రాయువారు చీర తిరిగివచ్చు గడువు దాటవలెనని, తరువాత నెల లెక్క ముగియవలెనని, అటుపై సంతకము కావలెనని ఆపి, నలుబది దినములకు కమీషను చెల్లించిరి. ఆ నలుబది దినములలో ఆమె రెండుసార్లడిగి, మూడవసారి అడుగుటకు సిగ్గుపడి మానుకొన్నది. "నా డబ్బు నేనే బిచ్చమడిగినట్టు ఉండింది" అన్నది. డబ్బు చేరిననాడు ఆమె సంతోషింపలేదు సరిగదా, మరి ఒక్క బొమ్మయైన పంపలేదు. తప్పు మాది. దానిని ఇక్కడ వ్రాయుట మాకు సులభము కాలేదు.

ఈ విషయములో మనకు పాఠము చెప్పగలవారు బొంబాయి అప్పడముల స్త్రీలు. 1959 మార్చి 15న గిర్గాములో ఏడుగురు స్త్రీలు 80 రూపాయలు అప్పు తెచ్చి మేడపైన అప్పడములు వత్తిరి. అదియే లిజ్జత్. నేడు అందులో 40,000 మందికి పైగా స్త్రీలున్నారు. అక్కడి పద్ధతి చూడుడు. పిండి ఇంటికి తీసికొనిపోవుదురు, వత్తిన అప్పడములు తెచ్చి యిత్తురు, వత్తుడు కూలి తీసికొందురు. చేసిన పనికిని చేతికి వచ్చు డబ్బుకును నడుమ ఎడము లేదు. ఇన్నేండ్లు ఇంతమంది నిలుచుటకు ఉపన్యాసములకంటె ఇదియే కారణమని మా అభిప్రాయము.

శిడ్లఘట్ట గూటి మార్కెట్టులో రైతు ఎందుకు నిలుచుచున్నాడు? అక్కడ ధర చాటున తేలదు. వేలములో పలికిన ధర తెలియును, నచ్చకున్న ఒప్పుకొననవసరము లేదు. ధర తక్కువ పలికిననాడు రైతు తిట్టుకొనుచు పోవును, అయినను మరుసటి పంట తెచ్చును. లెక్క కనబడనిచోట మంచి ధర వచ్చినను అనుమానమే మిగులును.

కాబట్టి ఇప్పుడు చేసిన మార్పు ఇది. కొన్నవారి డబ్బు చేరిననాడే కమీషనులో సగము అమ్మించినవారికి పంపుచున్నాము. తక్కిన సగము, చీర తిరిగివచ్చు గడువు ముగిసిన తరువాత వచ్చు మంగళవారము. మంగళవారము సెలవైనచో ముందురోజే. ఏ చీరకు ఎంత, ఏది ఆగినది, ఎందుకు ఆగినది అను చీటీ వారి ఫోనుకు పోవును. చీర తిరిగివచ్చినచో ముందిచ్చిన సగమును తరువాతి అమ్మకములో తగ్గించెదము. ఇందువలన సంఘమునకు అప్పుడప్పుడు కొంత నష్టము రావచ్చును. రానిండు.

కొందరు పెద్దలు వేరుగా చెప్పిరి: "కమీషను పెంచండి, వాళ్లే నిలుస్తారు." ఈ మాటను కాగితముపై పెట్టి చూతము. ఉదాహరణకు 6,000 రూపాయల చీర అనుకొందము. పట్టు, జరీ, రంగులకు 2,900, నేత కూలి 2,000, సంఘపు ఖర్చులు 500, నూటికి పది చొప్పున కమీషను 600. సరిపోయినది. కమీషనును నూటికి పదునైదు చేసినచో 900. ఆ అదనపు 300 ఎక్కడనుండి వచ్చును? పట్టు ధర మన చేతిలో లేదు. సంఘపు ఖర్చు కొంత తగ్గింపవచ్చును, మూడు వందలు తగ్గింపలేము. ధర పెంచినచో చీర కదలదు. మిగిలినది కూలియే. అప్పుడు కూతురి కమీషను తండ్రి కూలినుండి తీసి యిచ్చినట్లగును. దీనికి మేము ఒప్పుకొనలేదు, ఒప్పుకొనము.

మరియొక సలహా ఇంకను ప్రమాదకరమైనది. చేరినవారు ఇంకొకరిని చేర్చినచో తలకింత ఇమ్మనిరి. చీర అమ్మినందుకు గాక మనిషిని చేర్చినందుకు డబ్బు ముట్టు చోట, కొన్నాళ్లకు చీర పక్కకు పోయి చేర్పుడే వ్యాపారమగును. ఆఖరున చేరినవాడు మునుగును. ఇట్టి డబ్బు చుట్టింపు పథకములను 1978 నాటి కేంద్ర చట్టమే నిషేధించినది. 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలును గొలుసు పథకములను కూడదనినవి. మన సంఘములో చేరుటకు రుసుము లేదు, చేర్చుటకు బహుమానము లేదు. మన పేరు చెప్పి ఎవరైన చేరిక రుసుమడిగినచో ఇయ్యవద్దు, మాకు తెలుపుడు.

డబ్బు తరువాత పెద్ద అడ్డు ప్రశ్నలకు జవాబు తెలియకపోవుట. "ఇది నిజం పట్టేనా? అంగడిలో ఇట్లాంటిదే రెండు వేలకు ఉందే?" అని అవతలివారడిగిన, పిల్ల నోరు మూతబడును. అట్లు రెండుసార్లు అవమానపడినవారు మూడవసారి బొమ్మ పంపరు. మగ్గమున్న ఇంటి పిల్లకు తెలియదా అనవచ్చును. చూచుట వేరు, చెప్పగలుగుట వేరు. అందుచేత చేరిన ప్రతివారిని ఒక దినము మగ్గము వద్ద కూర్చుండబెట్టి పడుగు, పేక, అంచు, కొంగు, జరీ చేతితో తాకించి చూపుచున్నాము. పట్టుపోగు కాల్చిన వెండ్రుక కాలిన వాసన వచ్చి బూడిద వ్రేళ్ల నడుమ నలిగిపోవుననియు, పాలియెస్టరు పోగు కరగి ముద్ద కట్టుననియు వారిచేతనే చేయించుచున్నాము. 2004 నుండి ఉన్న సిల్క్ మార్కు పట్టును గూర్చి మాత్రమే చెప్పును, 2006 నుండి ఉన్న హ్యాండ్లూమ్ మార్కు చేనేతను గూర్చి చెప్పును. ఈ రెంటి భేదము తెలిసినవారు మన అంగళ్లలోనే తక్కువ. మరమగ్గపు చీరను తిట్టవద్దనియు చెప్పుచున్నాము. దొడ్డబళ్లాపురములో దాని మీద బ్రదుకువారును మనవారే.

తాము కమీషనుకు అమ్ముచున్నామని దాచవద్దు. డబ్బు తీసికొని ఒక వస్తువును ఇతరులకు మెచ్చి చూపువారు ఆ సంగతి తెలుపవలెనని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ మార్గదర్శకములు వెలువరించినది. అదిగాక, "మా నాయన నేసింది, అమ్మితే నాకు ఇంత వస్తుంది" అన్న పిల్లతో బేరమాడువారు తక్కువని మేము చూచుచున్నాము.

చేనేతకు ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. మిల్లు చీర ఒకే రకము వేయి ఉండును. మన పడుగునుండి వచ్చునవి రెండో, మూడో, నాలుగో. ఒకే చీరను ఇద్దరు అమ్మించి, ఒకరికి "అయిపోయింది" అని చెప్పవలసివచ్చిన రోజులు ఎన్నో. మాట పోయిన పిల్ల మరల తన బంధువు మొగము ఎట్లు చూచును? ఇప్పుడు ప్రతి చీరకు నంబరు చీటీ కుట్టబడును. అమ్ముడైన నంబరు ఆ గంటలోనే వాట్సాప్ గుంపులో కొట్టివేయబడును. చెప్పుటకు చిన్న పని, చేయుటకు ఒక మనిషి దినమంతయు కావలసివచ్చినది.

బంధువులు అయిపోవుట గూర్చి. పది పదునైదు ఇండ్లకు బొమ్మలు పంపిన తరువాత "ఇంకెవరున్నారు?" అందురు. మనుషులు అయిపోలేదు, సందర్భములు వ్రాసికొనలేదు. ఎవరింట నిశ్చితార్థము, ఎవరింట సీమంతము, ఎవరింట గృహప్రవేశము, ఎవరు వరమహాలక్ష్మి వ్రతమునకు క్రొత్త చీర కట్టుదురు, అని ఒక నోటుబుక్కులో వ్రాసికొనవలెను. అందరికి రోజూ పది బొమ్మలు పంపినచో విసుగు. ఒకరికి, వారి ఇంటి శుభకార్యమునకు నెల ముందర, రెండు బొమ్మలు పంపినచో అది పలకరింపు.

ఇక మొదట చెప్పిన జ్వరము. ఆషాఢములో ముహూర్తములు లేవు, పెండ్లి చీర ఎవరును కొనరు. ఆ నెలలో "ఏమమ్మా, ఒక్కటీ అమ్మలేదు" అని మేము ఫోను చేసి కదిలించుట శుద్ధ తెలివితక్కువ. ఆ నెలను నోటుబుక్కు సరిచేయుటకు, బొమ్మలు మంచి వెలుతురులో తీయుట నేర్చుకొనుటకు విడుచుచున్నాము. పరీక్షలు, కాన్పులు, గూటి పంట చివరి వారము కూడ అట్టివే. పంట పెట్టిన ఇంటి పిల్ల ఆకు కోయునా, ఫోను చూచునా? కాని శ్రావణము వచ్చినను పలుకనివారిది జ్వరము కాదు. వారింటికి ఎవరైన పోవలెను. ఫోను చాలదు.

ప్రతి వారము ఎక్కువ అమ్మినవారి పేర్లు గుంపులో చదువుట మానితిమి. అందువలన ముగ్గురు ఉప్పొంగిరి, తక్కినవారు వెనుకకు జరిగిరి. దానికి బదులు వేరొకటి చేయుచున్నాము. చీర అమ్ముడైనపుడు నేసినవారికి అమ్మించినవారి పేరును, అమ్మించినవారికి నేసినవారి పేరును తెలుపుచున్నాము. ఒక పెండ్లిలో ఒక ముసలి నేతగాడు ఒక పిల్లను వెదకి పట్టుకొని, "మావిడి పిందెల అంచు చీర నువ్వేనా అమ్మింది, అమ్మణ్ణీ?" అని అడిగెనట. ఆ పిల్ల ఆ వారమే మరల బొమ్మలు పంపుట మొదలుపెట్టినది. ఇట్లగునని మేము ముందుగా అనుకొన్నది కాదు.

శ్రావణమునకు తయారైన చీరల నంబరు చీట్లు, కుట్టు దారము సంఘపు గదిలో ఉన్నవి. మగ్గము దింపినవారు చీర మడత వేయకముందే చీటీ కుట్టించుకొనవలెను. చీటీ లేని చీర బొమ్మ గుంపులో పెట్టబడదు.