వార్తల్లో పదం: డీఆర్ఎం రహితము

నకళ్లను నివారించుటకై వీడియో గేముల నిర్మాతలు తమ సరకునకు దగిలించు తాళమునకు డీఆర్ఎం అని పేరు. దొంగను నిరోధింపవలసిన యీ తాళము తఱచుగా యజమానినే వాకిట నిలిపినది: సేఫ్‌డిస్క్ రక్షణ గల పాత సీడీలనేకము, దాని డ్రైవరును 2015లో విండోస్ 10 భద్రతాకారణములచే పరిత్యజించుటతో, మూల్యము చెల్లించినవారి యింటనే నిరుపయోగములయ్యెను.

ఈ చిక్కునే వ్యాపారముగా మలచినది పోలెండు దేశపు సీడీ ప్రాజెక్ట్ సంస్థ. నేడు జీఓజీగా ప్రసిద్ధమైన ‘గుడ్ ఓల్డ్ గేమ్స్’ అను నంగడిని 2008లో దెఱచి, హక్కుదారులను ఒప్పించి, డాస్ కాలపు ఆటలను డాస్‌బాక్స్ వంటి సాధనములతో నేటి కంప్యూటర్లపై నడచునట్లు సంస్కరించి, తాళము లేకయే విక్రయింప నారంభించెను. ఇన్‌స్టాలరు నొకసారి దింపుకొని హార్డ్ డిస్కున దాచుకొన్నచో, పిదప ఆడుటకు ఇంటర్నెట్టుతో గాని, అంగడి యనుమతితో గాని పని లేదు. అయినను చట్టదృష్టిలో నిదియు లైసెన్సే. నకళ్లను పంచిపెట్టుట కధికారము లేదు.

‘కొనుగోలు’ అను మాట వాడవలెనన్న, తామిచ్చునది లైసెన్సు మాత్రమేనని డిజిటల్ సరకుల విక్రేతలు స్పష్టముగా జెప్పవలెనని 2025 జనవరి నుండి కాలిఫోర్నియా శాసించుచున్నది. శాశ్వతముగా దింపుకొని ఆఫ్‌లైనులో వాడుకొనగల సరకునకు మాత్రము, న్యాయముగనే యని నా తలంపు, మినహాయింపు నొసగినది.