జవాబు చెప్పాలా? మౌనముగా ఉండాలా?

ఈ దినము మనము ఆలోచించబోయే అంశము మన ఇళ్ళలో ప్రతిరోజూ జరుగుతున్నదే. అయినా దీని గురించి పెద్దలు పిల్లలతో కూర్చుని మాట్లాడడం తక్కువ. సినిమా హీరోల మీద మన యౌవనస్థులకు ఉన్న అభిమానము, ఆ అభిమానము వలన ఫోనులో పుట్టే తగాదాలు. ఇదే మన అంశము.

"విశ్వాసి సినిమాలు చూడవచ్చునా?" అనే ప్రశ్న నేనిప్పుడు ఎత్తడం లేదు. దాని మీద మీలో రకరకాల అభిప్రాయములు ఉన్నాయి. నా ప్రశ్న వేరు. మనకు ఇష్టమైనదానిని ముఖము తెలియని ఒకడు వచ్చి హేళన చేస్తే, బూతులు తిడితే, అప్పుడేమి చేయాలి? జవాబు చెప్పాలా? మౌనముగా ఉండాలా?

ముందుగా, ఈ లోకము తెలియని తల్లిదండ్రుల కోసము రెండు మాటలు. మీ అబ్బాయి ఫోనులో తన ఫోటోకు బదులు హీరో ఫోటో పెట్టుకుంటాడు. హీరో పుట్టినరోజు వస్తే వేలాదిమంది అభిమానులు ఒకే గంటలో ఒకే మాటను, ముందు ఒక గుర్తు పెట్టి, రాస్తారు. దానిని హ్యాష్‌ట్యాగ్ అంటారు. ఎక్కువమంది రాస్తే ఆ మాట ట్రెండింగులో పైకి వస్తుంది. టీజరు విడుదలైతే 24 గంటలలో ఎందరు చూశారని లెక్క. సినిమా విడుదలైతే మొదటి రోజు ఎంత వచ్చిందని లెక్క. ఈ లెక్కలే వాళ్ళకు పగలు, రాత్రి.

ఇందులో మంచి లేదని అనకండి. ఎక్కడో పల్లెలో ఒంటరిగా ఉన్న కుర్రవాడికి వంద ఊళ్ళలో స్నేహితులు దొరుకుతారు. హీరో పేరు మీద రక్తదానము చేసేవారు ఉన్నారు. 1998లో హైదరాబాదులో ప్రారంభమైన చిరంజీవి బ్లడ్ బ్యాంకుకు రక్తమిచ్చినవారిలో ఎంతోమంది అభిమానులే. ఒకరిలోని ప్రతిభను చూసి సంతోషించడం మంచిదే. చిక్కు అక్కడ లేదు. "నా హీరో గొప్పవాడు" అన్న మాట "నీ హీరో పనికిరాడు" అన్న మాటగా మారిన చోట చిక్కు మొదలవుతుంది.

ఇది ఫోనుతో పుట్టినది కాదు. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు గార్ల కాలములోనే అభిమానులు రెండు పక్షములయ్యారు. ఎదుటి హీరో పోస్టరు మీద పేడ కొట్టడం మన పెద్దలు ఎరిగినదే. అయితే ఆ ఇద్దరు నటులు కలసి పదికి పైగా సినిమాలలో నటించారు. 1962లో వచ్చిన గుండమ్మ కథలో అన్నదమ్ములుగా చేశారు. తెరమీద వాళ్ళు కలసి నవ్వుతుంటే, తెరముందు వీళ్ళు చొక్కాలు పట్టుకున్నారు. 2022 మార్చి 25న విడుదలైన ఆర్ ఆర్ ఆర్ విషయములో ఏమి జరిగిందో చూడండి. జూనియర్ ఎన్టీఆర్, రామ్ చరణ్ స్నేహితులుగా నటించారు. 2023లో అందులోని నాటు నాటు పాటకు ఆస్కారు వచ్చింది. తెలుగువారందరూ కలసి సంతోషించవలసిన సమయము. అయినా "మా హీరోది పెద్ద పాత్ర, మీ హీరోది చిన్న పాత్ర" అనే తగాదా తెగలేదు.

మరి ఎందుకు తెగదు? దీనికి కొన్ని కారణములు ఉన్నాయి. జాగ్రత్తగా గమనించండి.

మొదటిది, ఈ పోటీకి కొలబద్ద లేదు. వసూళ్ళ విషయమే తీసుకోండి. ఒకడు గ్రాస్ చెబుతాడు, మరొకడు షేర్ చెబుతాడు. గ్రాస్ అంటే ప్రేక్షకులు టిక్కెట్లకు చెల్లించిన మొత్తము. షేర్ అంటే అందులోనుండి పన్నులు, థియేటరు అద్దె పోగా పంపిణీదారునికి మిగిలేది. ఒకే సినిమాకు ఈ రెండు అంకెల మధ్య కోట్ల తేడా ఉంటుంది. ఒకడు తన హీరోకు గ్రాస్, ఎదుటివాడి హీరోకు షేర్ చెప్పి "చూశావా!" అంటాడు. పైగా ప్రతి సినిమాకు వచ్చిన డబ్బును సరిచూసి ప్రజలకు ప్రకటించే అధికారిక సంస్థ మన దేశములో లేదు. నిర్మాత పోస్టరులో ఒక అంకె, వ్యాపార వర్గాల అంచనాలో మరొక అంకె. తీర్పరి లేని ఆటలో ఎవరు గెలుస్తారు చెప్పండి? తెల్లవార్లూ వాదించినా తేలదు.

రెండవది, తగాదా వలన లాభపడేవారు ఉన్నారు. మన కోపము ఎవరికో ఆదాయము. ఫేస్‌బుక్ సంస్థ 2017లో ఒక పద్ధతి పెట్టినట్లు, 2021లో బయటికి వచ్చిన పత్రముల వలన లోకానికి తెలిసింది. ఒక పోస్టును ఎందరికి చూపించాలో నిర్ణయించేటప్పుడు మామూలు లైకుకు ఒక మార్కు అయితే, కోపపు ముఖము బొమ్మకు ఐదు మార్కులు. తరువాత ఆ సంస్థే దానిని తగ్గించి, 2020లో కోపపు బొమ్మ విలువను సున్నా చేసింది. ట్విట్టర్ సంస్థ కూడ 2023లో తన పద్ధతిలో కొంత భాగమును బయటపెట్టింది. అందులో లైకుకంటే ప్రత్యుత్తరమునకు ఎన్నో రెట్లు ఎక్కువ విలువ ఉన్నది. ఆ ప్రత్యుత్తరము మెచ్చుకోలా, తిట్టా అని యంత్రము అడగదు. నీ హీరోను తిట్టినవాడికి నీవు కోపముతో జవాబు రాస్తే, ఆ తిట్టును పదిమందికి మోసుకొని వెళ్ళినవాడివి నీవే. మంట ఆర్పాలని నీవు పోసినది నీళ్ళు కాదు తమ్ముడూ, కిరోసిను.

మూడవది, ఇది అన్నిటికంటె బాధాకరమైనది. దెబ్బ తగిలేది హీరోకు కాదు. ఇద్దరు కుర్రవాళ్ళు హీరోల గురించి మొదలుపెడతారు. నాలుగవ మాటకు కులము వస్తుంది. ఐదవ మాటకు తల్లి వస్తుంది. మన భాషలో బూతులు ఎటు తిరిగినా స్త్రీల మీదనే వచ్చి పడతాయి. ఆ సమయములో ఒక తల్లి వంటింట్లో అన్నము వండుతూ ఉంటుంది, మరొక తల్లి పొలములో కలుపు తీస్తూ ఉంటుంది. ఆ ఇద్దరికీ ఈ తగాదా సంగతే తెలియదు. వాళ్ళ కడుపున పుట్టిన బిడ్డలే ఒకరి తల్లిని ఒకరు బజారులో నిలబెట్టారు.

ఇవి మాటలే గదా, మాటలతో పోతాయి గదా అంటారేమో. 2016 ఆగస్టులో తిరుపతికి చెందిన ఒక యువకుడు కర్ణాటకలోని కోలారులో జరిగిన కార్యక్రమానికి వెళ్ళాడు. అక్కడ అభిమాన హీరోల విషయములో మాటామాటా పెరిగింది. కత్తిపోటుతో అతడు చనిపోయాడు. అతడు అభిమానించిన పవన్ కల్యాణ్ తిరుపతి వెళ్ళి ఆ కుటుంబమును పరామర్శించారు. ఆ ఇంటికి హీరో వచ్చాడు గాని బిడ్డ తిరిగి రాలేదు. ఆ తగాదా ఎదురెదురుగా జరిగినది. ఫోనులో రోజూ నూరుతున్నది కూడ అదే కత్తి.

అయితే ఎవరేమన్నా నోరు మూసుకోవలసిందేనా? కాదు. సామెతల గ్రంథము 26వ అధ్యాయములో 4, 5 వచనములు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి మూఢునికి జవాబు ఇవ్వవద్దని చెబుతుంది, మరొకటి ఇవ్వమని చెబుతుంది. పొరపాటున అలా రాశారా? లేదు. మొదటిది నీ గురించి జాగ్రత్త: జవాబు చెబుతూ చెబుతూ నీవూ వాడిలాగే మారిపోతావేమో. రెండవది వాడి గురించి జాగ్రత్త: ఎవరూ ఏమీ అనకపోతే తానే జ్ఞానిననుకుంటాడేమో. కాబట్టి మనము ముందుగా అడగవలసిన ప్రశ్న "ఏమి జవాబు చెప్పాలి?" అన్నది కాదు. "ఎదుట ఉన్నవాడు ఎవరు?" అన్నది.

ఎదుటివారు నాలుగు రకములు. ఒకరు నిజముగా సినిమా నచ్చనివారు. టిక్కెట్టు కొన్నారు, రెండవ సగము సాగదీశారు అన్నారు. అది శత్రుత్వము కాదు, అభిప్రాయము. "మీకు నచ్చలేదు, నాకు నచ్చింది" అని చెప్పి నవ్వుతూ ఉండవచ్చును. రెండవవాడు తన హీరోను ఎవరో అవమానించారని మనసు గాయపడి, ఆ కోపము నీమీద చూపించేవాడు. వాడు నీవంటివాడే. నీవు ఒక మెట్టు దిగి "మీ హీరో ఫలానా సినిమాలో బాగా చేశాడు" అని నిజమైన మాట ఒక్కటి చెప్పు. చాలాసార్లు అక్కడితో తగాదా చల్లారుతుంది. మూడవవాడు రెచ్చగొట్టి ఆడుకునేవాడు. వాడికి ఏ హీరో మీదా ప్రేమ లేదు. ఒక్కొక్కసారి నీ హీరో ఫోటో వాడే పెట్టుకొని ఎదుటివారిని తిడతాడు, రెండు పక్షములు కొట్టుకుంటుంటే చూస్తాడు. వాడికి నీ జవాబే ఆహారము. పెట్టవద్దు. తప్పుడు వార్త ప్రచారమవుతున్నదా? ఒక్కసారి, మర్యాదగా, నిజము రాసి బయటికి వచ్చేయి. అది వాడికోసము కాదు, పక్కన ఉండి చదువుచున్న పదిమంది కోసము.

నాలుగవవాడు బెదిరించేవాడు, ఆడపిల్లల ఫోటోలు తీసుకొని అసభ్యముగా మార్చేవాడు. ఇక్కడ మౌనము మంచిది కాదు. వాడితో వాదించవద్దు గాని తేదీ, సమయము కనబడేలా ఆ రాతలను స్క్రీన్‌షాట్ తీసి భద్రపరచుకో. వాడిని బ్లాక్ చెయ్యి. ఇంట్లో చెప్పు, పోలీసులకు చెప్పు. తెలంగాణలో 2014 నుండి షీ టీమ్స్ ఉన్నాయి. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో స్త్రీ మర్యాదను కించపరచే మాటలకు 79వ సెక్షను ప్రకారము శిక్ష ఉన్నది. తల్లిదండ్రులారా, మీ అమ్మాయి ఏడుస్తూ మీ దగ్గరకు వస్తే "నీకు ఆ ఫోను ఎందుకు?" అని మొదలుపెట్టకండి. అలా అంటే ఇంకొకసారి మీ దగ్గరకు రాదు.

ఇంతవరకు సినిమావారి గురించి విని, "ఇది మనది కాదులే" అనుకుంటున్నారా? మన ప్రసంగీకుల వీడియోల కింద రాసిన మాటలు ఒకసారి చదవండి. ఫలానా దైవజనుని వారు ఒక పక్షము, ఫలానా అయ్యగారి వారు ఒక పక్షము. హీరో పేరు తీసి బోధకుని పేరు పెట్టారు, మిగిలినదంతా అదే. కొరింథు సంఘములో కూడ కొందరు పౌలు పక్షమని, కొందరు అపొల్లో పక్షమని చీలిపోయారు. చిత్రమేమిటంటే, ఆ ఇద్దరి మధ్య తగాదా లేదు. అపొల్లోను కొరింథుకు వెళ్ళమని పౌలే బతిమాలినట్లు ఆ పత్రిక చివరి అధ్యాయములో ఉన్నది. పెద్దలు కలసి పని చేస్తుంటే వారి పేరు మీద పిన్నలు విడిపోయారు.

తమ్ముడూ, చెల్లీ, ఒక్క మాట. నీవు అభిమానివి అయినది సంతోషము కోసము. ఒక పాట విని, ఒక నటన చూసి నీ మనసు తేలికపడింది. ఈ రోజు ఫోను పక్కన పెట్టేటప్పుడు నీ మనసు అలాగే తేలికగా ఉన్నదా? లేక పేరు తెలియనివాడు అన్న మాట తలచుకొని నిద్ర పట్టక దొర్లుతున్నావా? నిద్ర పట్టకపోతే వాడు నీ హీరో నుండి ఏమీ తీసుకోలేదు, నీ సంతోషమును తీసుకున్నాడు. దానిని ఊరకనే ఇచ్చివేయకు.

ఈసారి ఎవరైనా నిన్ను రెచ్చగొడితే, రాసిన జవాబును పంపకముందు ఒకసారి బయటికి చదువు. మీ అమ్మ పక్కన కూర్చొని ఉండగా దానిని చదవగలవా? చదవగలిగితే పంపు. చదవలేకపోతే తుడిచివేయి. అవతల కూడ ఒక అమ్మ ఉన్నది.

సమాధానకర్తయైన దేవుడు మీ మాటలను, మీ మౌనమును కూడ దీవించును గాక. ఆమెన్.