చిత్రకారుల వర్ణద్రవ్యాలు – ఆరోగ్య ప్రమాదాలు: ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

వాత్స్యాయన కామసూత్రాలకు యశోధరుడు రచించిన జయమంగళ వ్యాఖ్యలో పేర్కొన్న చిత్రకళా షడంగాలలో చివరిది వర్ణికాభంగం. రంగుల సమ్మేళనంలో, కుంచె వినియోగంలో చిత్రకారుడు సాధించవలసిన నేర్పును అది సూచిస్తుంది. ఆ రంగులలో కొన్ని విషపదార్థాలన్న విషయం మాత్రం కళాచర్చలలో అరుదుగా ప్రస్తావనకు వస్తుంది.

2. వర్ణద్రవ్యాల స్వభావం

ఇంగిలీకం పాదరస సల్ఫైడు. హరిదళం ఆర్సెనిక్ సల్ఫైడు. సిందూరం, సీసపు తెలుపు సీస సమ్మేళనాలు. చెర్యాల నకాషీ చిత్రాలలో ఎరుపుకు సంప్రదాయంగా ఇంగిలీకాన్ని వాడేవారు. కనుక సహజ వర్ణాలన్నీ నిరపాయకరాలని భావించడానికి వీలులేదు. 19వ శతాబ్దంలో ప్రచారం పొందిన ఎమరాల్డ్ గ్రీన్‌లో ఆర్సెనిక్, నేటి కాడ్మియం పసుపు, ఎరుపులలో కాడ్మియం ఉన్నాయి.

3. చారిత్రక ఆధారాలు

వృత్తివ్యాధుల అధ్యయనానికి ఆద్యుడైన ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జినీ 1700లో ప్రకటించిన గ్రంథంలో చిత్రకారుల అనారోగ్యాన్ని చర్చించాడు. వారు నిరంతరం తాకే, వాసన పీల్చే సిందూరం, ఇంగిలీకం, సీసపు తెలుపు వంటివే దానికి కారణమని నిర్ధారించాడు. రెండున్నర శతాబ్దాల తరువాత కూడా పరిస్థితి పూర్తిగా మారలేదు. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యాలయంలోని ‘యుద్ధం – శాంతి’ కుడ్యచిత్రాలను రచించిన బ్రెజిల్ చిత్రకారుడు కాండిడో పోర్టినారీ, తైలవర్ణాలను విడిచిపెట్టాలన్న వైద్యుల సలహాను పాటించలేక, 1962లో సీసవిషం వల్ల మరణించాడు.

4. శరీరంలోకి ప్రవేశించే మార్గాలు

పొడిరంగులను నూరేటప్పుడు, ఎండిన రంగును గరుకు కాగితంతో రుద్దేటప్పుడు లేచే ధూళి శ్వాసతో లోపలికి చేరుతుంది. కుంచె మొనను పెదవులతో సరిచేసుకోవడం, పనిచేసే చోటనే భోజనం చేయడం వల్ల రంగు నోటి ద్వారా ప్రవేశిస్తుంది. సీసం ఎముకలలో ఏళ్ల తరబడి నిల్వ ఉండి నాడీమండలాన్ని, రక్తాన్ని, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. టర్పెంటైన్ ఆవిరి కళ్లను, ఊపిరితిత్తులను బాధిస్తుంది.

5. ముగింపు

దీర్ఘకాలిక ప్రమాదాలను కళాసామగ్రిపై ముద్రించాలని అమెరికా 1988లో చట్టం చేసింది. భారతదేశం 2016 నాటి నియమాలలో సీసాన్ని 90 పి.పి.ఎం.కు పరిమితం చేసింది. అవి గృహ, అలంకరణ రంగులకు ఉద్దేశించినవి. అందువల్ల చిత్రకళాశాలలలో గాలి ప్రసరణ, చేతి తొడుగులు, తడిగుడ్డతో శుభ్రపరచడం వంటి జాగ్రత్తలను వర్ణికాభంగ బోధనలో అంతర్భాగం చేయడం అవసరం. విద్యార్థి రంగును కలపడం నేర్చుకునే రోజునే దాని రసాయన స్వభావాన్ని కూడా తెలుసుకోవాలి.