పెట్టుబడికి ముందు సలహా

ధర్మసమ్మతమైన వర్తకానికి ఇస్లాంలో గౌరవప్రదమైన స్థానం ఉంది. దైవప్రవక్త ముహమ్మద్ (స) యౌవనంలో హజ్రత్ ఖదీజా (రజి) సొమ్ముతో సిరియా వెళ్ళి వర్తకం చేశారు. ఒకరి సొమ్ము, మరొకరి శ్రమ కలిసి లాభాన్ని పంచుకునే విధానాన్ని ధర్మశాస్త్రవేత్తలు ముదారబా అన్నారు. నేడు ఒక కుట్టు కేంద్రమో, బేకరీయో నెలకొల్పదలచిన యువకునికి సొమ్ము ఎంత అరుదో, నమ్మదగిన సలహా కూడా అంతే అరుదు.

మన దేశంలో ఇస్లామీయ బ్యాంకులు లేవు. ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోరాదని రిజర్వు బ్యాంకు 2017లో నిర్ణయించింది. ఈ లోటును కొందరు తమకు అనువుగా మలచుకున్నారు. 2018, 2019 సంవత్సరాలలో హైదరాబాదు, బెంగళూరులలో 'హలాల్ లాభం' పేరిట సొమ్ము సేకరించిన సంస్థలు చెల్లింపులు నిలిపివేయడంతో వేలాది కుటుంబాలు అల్లాడిపోయాయి. పేరులో హలాల్ ఉన్నంత మాత్రాన లెక్కలో హలాల్ ఉండదు.

సలహా కోరబడినవాడు అమానతుదారుడని దైవప్రవక్త (స) బోధించారు. కాబట్టి సలహాదారుని మొదటే మర్యాదగా ఒక మాట అడగాలి: "ఈ వ్యవహారంలో మీకు లభించేదేమిటి?" అప్పు ఇప్పించి కమీషను పుచ్చుకునేవాడు అప్పు వద్దని చెప్పడం అరుదు. 'ఫైలు ఖర్చుల'కని ముందే సొమ్ము అడిగేవారికి దూరంగా ఉండాలి. చిన్న పరిశ్రమలకు ప్రభుత్వం చేసే ఉద్యమ్ నమోదు పూర్తిగా ఉచితం. పథకాల వివరాలు జిల్లా పరిశ్రమల కేంద్రంలో నేరుగా తెలుసుకోవచ్చు. వాటిలో వడ్డీ ఉందా లేదా అన్నది అక్కడే స్పష్టంగా అడగాలి.

ఒక్కరి సలహా చాలదు. షరీఅత్ తెలిసిన ఆలిమ్, చట్టం తెలిసిన ఆడిటరు, అదే వృత్తిలో నలిగిన పెద్ద, ఈ ముగ్గురి మాటా వినాలి. ఎందుకో ఒక ఉదాహరణ చూద్దాం. ఇద్దరు సోదరులు 3 లక్షలు, 2 లక్షలు పెట్టి భాగస్వాములయ్యారనుకోండి. లక్ష రూపాయల నష్టం వస్తే షరీఅత్ ప్రకారం పెట్టుబడి నిష్పత్తిలో 60 వేలు, 40 వేలు భరించాలి. ఒప్పంద పత్రంలో ఆ మాట వ్రాసుకోకపోతే, 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం నష్టం చెరిసగం. అంతేకాదు, సంస్థ బాకీలకు ప్రతి భాగస్వామీ తన సొంత ఆస్తితో సైతం బాధ్యుడు. ఆలిమ్ చెప్పిన నియమం ఆడిటరు వ్రాసే పత్రంలోకి ఎక్కితేనే ఆ సోదరులకు రక్షణ.

లాభనష్టాలతో నిమిత్తం లేకుండా ప్రతి నెలా ఇంత ఇస్తామనే ఒప్పందానికి భాగస్వామ్యమని పేరు పెట్టినా అది వడ్డీయే. ముదారబాలో నష్టం వస్తే సొమ్ము ఇచ్చినవాడు సొమ్ము కోల్పోతాడు, శ్రమించినవాడు శ్రమ కోల్పోతాడు. శ్రమించినవాని నిర్లక్ష్యమో మోసమో ఉంటే మాత్రం అతనే బాధ్యుడు.

ఇంట్లో ఎక్కువగా ముందు కదిలేది ఇల్లాలి బంగారం. మహర్ ఆమె సొంత హక్కు. ఆమె మనస్ఫూర్తిగా ఇస్తేనే భర్త తీసుకోవచ్చు. అది కానుకా, అప్పా, వ్యాపారంలో వాటాయా అన్నది ఆనాడే తేల్చుకోవాలి. అప్పయితే దానినీ కాగితం మీద పెట్టాలి. దివ్యఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన వాక్యం, అల్ బఖరా సూరాలోని 282వది, అప్పును గడువుతో సహా వ్రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని ఆదేశిస్తున్నది. ఆత్మీయుల మధ్య వ్రాత అనుమానానికి గుర్తు కాదు, బంధుత్వానికి కాపలా. అప్పుపడినవాడు నిజంగా ఇబ్బందిలో ఉంటే గడువు పొడిగించమని దానికి ముందున్న 280వ వాక్యం బోధిస్తున్నది.

వడ్డీ లేని రుణమిచ్చే సహకార సంఘం మీ ఊరిలో ఉంటే, దాని నమోదు పత్రాన్నీ, ఏటా జరిగే ఆడిటు నివేదికనూ చూడమని అడగండి. చూపించడానికి వెనుకాడే చోట చేరకండి. ప్రజల నుండి డిపాజిట్లు సేకరించే సంస్థకు అనుమతి ఉందో లేదో రిజర్వు బ్యాంకు నిర్వహించే 'సచేత్'లో పరిశీలించవచ్చు.

విచారించి, పెద్దలతో మష్వరా జరిపి, ఆపై ఇస్తిఖారా నమాజు చేయండి. లెక్క సరిచూసుకోవడం మన బాధ్యత, బర్కత్ ప్రసాదించడం అల్లాహ్ అనుగ్రహం.